బొమ్మ కింది మాట

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది. హాజరు పట్టీలో ఇప్పటికీ అదే రాస్తారు. కానీ యూనివర్సిటీలో ఆ పేరు చెప్పి అడిగితే ఎవరూ దారి చూపించలేరు. "వసపిట్ట గారు ఎక్కడ కూర్చుంటారు?" అని అడగాలి. అప్పుడు గేటు దగ్గరి కాపలా మనిషి కూడా, "మేడెక్కి, మాటలు ఎటునుంచి వినిపిస్తే అటు తిరగండి" అంటాడు. మొదట్లో వెనకాల అనుకునే పేరే అది, పోను పోను ముఖం మీదే పిలవడం మొదలుపెట్టారు. ఆవిడేమీ అనుకోలేదు. అనుకోవడానికైనా మాటల మధ్య కాస్త తీరిక దొరకాలి కదా.

ప్రచురణల విభాగంలో ఆమె టైపిస్టు. టైపులో తప్పు పట్టడానికి వీల్లేని మనిషి. చిక్కల్లా ఒక్కటే, వేళ్లు ఆడినంతసేపూ నోరూ ఆడేది. సెలవు ఉత్తర్వు టైపు చేస్తుంటే ఆ సెలవు ఎవరికి లాభమో చెప్పేది. టెండరు నోటీసు టైపు చేస్తుంటే పోయిన ఏడాది వేసిన బెంచీలు ఎలా విరిగాయో, వాటి మీంచి ఎవరు పడ్డారో చెప్పేది. ఆ విభాగం సూపరింటెండెంటు గట్టిగా మాట్లాడటం తెలియని మెత్తటి మనిషి. సాయంత్రానికి చెవుల్లో దూది పెట్టుకుని ఇంటికెళ్లేవాడని వినికిడి. ఆ మాట పుట్టించిందీ వసపిట్టే.

ఇంట్లో అయితే ఆ నోటికి ఉద్యోగముంది. వాళ్లది రెండు గదుల వాటా. టీవీ ముందు గదిలో, పొయ్యి వెనక గదిలో. కోడలి చేతి ఉప్పు మీద అత్తగారికి నమ్మకం లేదు, అందుకని వంట ఆవిడదే. సరిగ్గా వంట వేళకే ఆవిడ సీరియలు వస్తుంది. మాటలైతే గోడ దాటి వంటింట్లోకి వినబడతాయి. మాటలు ఆగిపోయి ఊరికే సంగీతం మోగినప్పుడే తంటా.

"ఏమైందే?" అని అత్తగారు గరిటె పట్టుకుని అరిచేది.

ముందు గదిలో బట్టలు ఇస్త్రీ చేస్తున్న కోడలు అందుకునేది. "తలుపు తీశాడత్తయ్యా. ఎదురుగా తమ్ముడు. చేతిలో పెట్టె."

"మొహం ఎలా పెట్టాడు?"

"ఆఖరి బస్సు తప్పిపోయినవాడిలా."

"వదిన చూసిందా?"

"చూసింది. చూడనట్టు కుండీలో మొక్కకు నీళ్లు పోస్తోంది. ఆ మొక్క ప్లాస్టిక్‌ది."

భర్త మధ్య గుమ్మంలో కూర్చుని పాత వాచీలు బాగుచేసుకునేవాడు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండే మనిషి. ఆ ఇంట్లో మూడో నోటికి చోటు లేదని పెళ్లైన కొత్తలోనే అర్థం చేసుకున్నాడు, సుఖపడ్డాడు.

ఇలా ఉండగా యూనివర్సిటీకి ఒక చిక్కు వచ్చిపడింది.

అక్కడ లా చదివే అమ్మాయి ఒకతె ఉంది. పుట్టుకతో చూపు లేదు. తెల్లకర్ర ఒక చేత, ఫోను ఒక చేత పట్టుకుని, ఎవరు ఏ మాటన్నా దానికి ఎదురు ప్రశ్న వేసే రకం. అందుకే ఆమెను అందరూ లాయరమ్మ అంటారు. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేరు ఆమె ఫోన్లో ఉంది. దాన్ని స్క్రీన్ రీడర్ అంటారు. ఒకసారి పరీక్ష తేదీని ముందుకు జరిపారు. నోటీసు వెబ్‌సైటులో పెట్టారు. లాయరమ్మ ఫోను ఆ నోటీసు దగ్గరికొచ్చి, "చిత్రం" అని ఊరుకుంది. పాత తేదీ నాడు ఆమె హాల్ టికెట్టూ కర్రా పట్టుకుని పరీక్ష హాలుకు వెళితే, లోపల నేల కడుగుతున్న మనిషి, "పరీక్ష మొన్ననే అయిపోయిందమ్మా" అని చెప్పింది.

నోటీసు చిత్రం ఎలా అయిందంటే, అది ఆ ఆఫీసు పద్ధతి. వసపిట్ట దాన్ని అక్షరం పొల్లుపోకుండా కంప్యూటర్లో టైపు చేసింది. దాన్ని కాగితం మీద అచ్చు తీశారు. కాగితం మీద రిజిస్ట్రారు గారు సంతకం పెట్టారు. సంతకం పక్కన గుండ్రటి ముద్ర వేశారు. ఆ కాగితానికి ఫోటో తీసి ఆ ఫోటోను వెబ్‌సైటులో పెట్టారు. కంప్యూటర్లోంచి పుట్టిన అక్షరాలు ఊరంతా తిరిగి బొమ్మగా మారి మళ్లీ కంప్యూటర్లోకే చేరాయి. ఎందుకిదంతా అంటే ముద్ర లేనిదే ఎవరూ నమ్మరట. ఇన్నేళ్లూ ఆ ముద్రే కాపాడుతోందని యూనివర్సిటీ అనుకుంటూ వచ్చింది, అది కొందరి నోరు నొక్కుతోందని ఎవరికీ తట్టలేదు.

అడగనిదే అమ్మయినా పెట్టదు. లాయరమ్మ అడిగింది. అడిగి ఊరుకోలేదు, పరీక్ష మళ్లీ పెట్టించుకుంది, వెబ్‌సైటు మొత్తం అందరికీ పనికొచ్చేలా మార్చాలని పైనుంచి ఉత్తర్వు కూడా తెప్పించింది. నోటీసులన్నీ మళ్లీ అక్షరాలుగా పెట్టాలి. పాఠాల వీడియోల కింద, చెవులు వినపడని పిల్లల కోసం మాటలు రాయాలి. ప్రతి ఫోటోకూ అందులో ఏముందో మాటల్లో చెప్పాలి. ఉత్తర్వు విన్నవాళ్లంతా తలూపారు, పని చెయ్యడానికి మాత్రం ఒక్కరూ చెయ్యెత్తలేదు. సూపరింటెండెంటుకు అప్పుడొక ఆలోచన వచ్చింది. జీవితంలో ఆయనకు వచ్చిన గొప్ప ఆలోచన అదే.

"అమ్మా, మీరైతే దీనికి తగినవారు" అన్నాడు వసపిట్టతో.

"నన్ను ఈ గదిలోంచి పంపించేస్తున్నారా సార్?"

"సర్వర్ల గది పక్కన ఒక గది ఖాళీగా ఉంది. అక్కడ ఫ్యాన్ల మోత ఎక్కువ. మీ మాట ఎవరికీ..." అని ఆగి, "ఎవరి మాటా మీకు అడ్డు రాదు" అని సర్దుకున్నాడు.

ఆ సర్వర్ల గది చూసుకునే పెద్దమనిషిని అందరూ రీస్టార్ట్ గారంటారు. ఏ రోగం చెప్పినా, "ఒకసారి ఆపేసి మళ్లీ పెట్టండి" అనేదే ఆయన మందు. తన పళ్లు నొప్పెడితే కూడా అదే చేసి ఉంటాడు. ఆయన ఆమెకు పని చూపించాడు. ప్రతి ఫోటో వెనకా ఒక చిన్న గడి ఉంటుంది. అందులో రాసింది తెర మీద కనిపించదు. చూపున్నవాళ్లకు బొమ్మ, చూపు లేనివాళ్లకు ఆ గడిలోని మాట.

"అసలెవరికీ కనిపించదా?" అని అడిగింది వసపిట్ట.

"మామూలుగా కనిపించదు" అన్నాడు రీస్టార్ట్ గారు.

ఆ 'మామూలుగా' అన్న మాటను ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఈ కథ లేదు.

మొదట ఆమె బుద్ధిగానే మొదలుపెట్టింది. స్క్రీన్ రీడర్ పెట్టుకుని, తెర ఆపేసి, తన యూనివర్సిటీ వెబ్‌సైటును తనే విన్నది. "ఇక్కడ నొక్కండి. ఇక్కడ నొక్కండి. ఇక్కడ నొక్కండి" అంటూ పోయింది గొంతు. ఎక్కడమ్మా అని విసుగెత్తి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేసింది. ఆ మర్నాటి నుంచి ఒక్కొక్క 'ఇక్కడ'నూ పట్టుకుని, "పరీక్షల తేదీలు", "హాస్టలు దరఖాస్తు", "ఫీజు రసీదు" అని అసలు పేర్లు పెట్టింది. నోటీసులన్నీ మళ్లీ టైపు చేసింది. ముద్ర ఎక్కడ అని రిజిస్ట్రారు కార్యాలయం అడిగితే, "ముద్ర కావాల్సినవాళ్లకు కాగితం పక్కనే ఉంది. చదువు కావాల్సినవాళ్లకు అక్షరాలున్నాయి" అని జవాబిచ్చింది.

ఫోటోల దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆమె మాట మొద్దుబారింది. "ఉపకులపతి గారు మొక్క నాటుతున్న దృశ్యం." "రిజిస్ట్రారు గారు కార్యాలయంలో పనిలో నిమగ్నమైన దృశ్యం." ఇలాగే సాగింది. పని ఎలా ఉందో చూడటానికి, అంటే వినడానికి, లాయరమ్మ వచ్చింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మనకైతే వడగళ్ల చప్పుడులా వినిపించే వేగంతో వినేసింది.

"అక్కా, ఉపకులపతి గారు మొక్క నాటారని పైన వార్తలోనే ఉంది. మళ్లీ అదే విన్నాను. అసలు మీకేం కనిపిస్తోంది?"

వసపిట్ట ఫోటో వైపు చూసింది. ఇంట్లో అత్తగారు అడిగినట్టే అనిపించింది ఆమెకు. అంతే, నోరు దానంతటదే తెరుచుకుంది.

"మొక్క ఒక్కటే, పట్టుకున్నవాళ్లు మాత్రం బోలెడంత మంది. చేతుల మధ్య మొక్క ఆకులే కనిపిస్తున్నాయి. చెయ్యి అందని ఒక ప్రొఫెసరు గారు, ముందున్న ఆయన భుజం పట్టుకున్నారు. వీసీ గారు కెమెరా వైపు చూస్తున్నారు కాబట్టి నీళ్లు మొక్కలో కాదు, డీన్ గారి బూటులో పడుతున్నాయి. గొయ్యి తవ్విన తోటమాలి ఫోటో అంచున ఉన్నాడు. సగం మనిషే వచ్చాడు."

లాయరమ్మ ఎంత నవ్విందంటే కర్ర జారి కింద పడింది. "ఇదే రాయండి అక్కా."

"రాస్తే ఉద్యోగం ఊడుతుంది తల్లీ."

"కనిపించదన్నారుగా. వినేది మేమే. ఇన్నాళ్లూ మాకు మిగిలింది 'చిత్రం' అన్న ఒక్క మాటే. అందరూ చూసేది మాకూ చెప్పండి. తోటమాలితో సహా."

అప్పటినుంచి వసపిట్ట ఆగలేదు. ఊరంతా నోరు మూసుకోమన్న మనిషిని ఒకరు నోరు తెరవమని బతిమాలారు. ఆ సంతోషం ఎలాంటిదో చెప్పాలంటే, పొద్దున్నే ఆఫీసుకు వెళ్లడానికి ఆమె బస్సు కోసం ఆగలేక నడిచి వెళ్లేది. రిజిస్ట్రారు గారి ఫోటోను మళ్లీ రాసింది: "రిజిస్ట్రారు గారు ఫైలు చదువుతున్నారు. ఫైలు తలకిందులుగా ఉంది." గ్రంథాలయం ఫోటోకు రాసింది: "పొడవైన బల్లలు, కిటికీలోంచి ఎండ. చదువుతున్నవాళ్లు కొందరు, పుస్తకం మీద చెంప ఆనించినవాళ్లు ఎక్కువమంది." చూపు లేని పిల్లలంతా హాస్టల్లో ఒకచోట చేరి ఇవి వినేవాళ్లు. యూనివర్సిటీ వార్తలను మొదటి నుంచి చివరి వరకూ వదలకుండా ఆలకించే విద్యార్థులు ఎక్కడైనా ఉన్నారంటే వాళ్లే.

ఆ రోజుల్లోనే లాయరమ్మ ఒక వాదన పోటీలో కప్పు గెలిచింది. ఫోటో వెబ్‌సైటులోకి వచ్చింది. ఆమె పరుగున వచ్చి, "నా ఫోటో వచ్చిందట. అందులో ఏముంది అక్కా?" అని అడిగింది.

వసపిట్ట చూసింది. కప్పిచ్చిన ముఖ్య అతిథి తన ఫోను చూసుకుంటున్నాడు. వెనక వరుసలో ఒక మేష్టారు నిద్రపోతున్నాడు. ఇంకో ఇద్దరు వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటున్నారు. లాయరమ్మేమో ఒక మూల, కెమెరాకు కాకుండా స్తంభానికి ఎదురుగా, నోరు తెరుచుకుని, చెయ్యి గాల్లో పెట్టి ఉంది. ఆమెను చూస్తున్న మనిషి ఆ ఫోటోలో ఒక్కడూ లేడు. పక్కనే అసలు లాయరమ్మ ముఖమంతా చెవులు చేసుకుని నిలబడి ఉంది.

వసపిట్ట నోటికి జీవితంలో మొదటిసారి మాట రాలేదు. అయినా వేళ్లు రాసేశాయి: "వేదిక నడుమ కప్పు పట్టుకుని చిరునవ్వుతో మన లా విద్యార్థిని. అందరి చూపులూ ఆమె మీదే. సభంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది."

లాయరమ్మ దాన్ని రెండుసార్లు విన్నది. "అందరూ లేచారా? నాకు చప్పట్లు అంత గట్టిగా వినిపించలేదే."

"హాలు పెద్దది కదమ్మా" అంది వసపిట్ట. లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టయింది కానీ, ఆ పిల్ల ముఖంలో వెలుగు చూసి ఆ సంగతి మర్చిపోయింది.

కొన్నాళ్లకు వెబ్‌సైటు పని చూడటానికి బయటినుంచి ఒక తనిఖీ బృందం వచ్చింది. బృందం పెద్ద ఒక తెల్లజుట్టు మేడమ్. పెద్ద హాల్లో పెద్ద తెర. ముందు వరుసలో ఉపకులపతి, రిజిస్ట్రారు, ఒక పక్కన లాయరమ్మ, ఆమె గదిలో ఉండే స్నేహితురాలు. వెనకంతా విద్యార్థులు. పని చేసింది వసపిట్టే అయినా ఆమెకు కుర్చీ వెయ్యడం ఎవరికీ గుర్తురాలేదు. తలుపు దగ్గర నిలబడింది. రిజిస్ట్రారు గారు లేచి, "మా యూనివర్సిటీ అందరిదీ" అని ఉపన్యసించి, వెబ్‌సైటు తెరవమన్నారు.

హాల్లో ఉన్న ప్రతివాడి ఫోనూ అదే నెట్టు లాగుతోంది. పేజీ సగం తెరుచుకుని ఆగిపోయింది. అక్షరాలు వచ్చాయి, ఫోటోలు రాలేదు. ఫోటో రాకపోతే కంప్యూటరు ఏం చేస్తుందో రీస్టార్ట్ గారికి తెలుసు. ఆ 'మామూలుగా' అన్న మాట అర్థం అదే. గడిలో దాగిన మాటలు బయటికొచ్చి, బొమ్మలు ఉండాల్సిన చోట్లలో వరసగా కూర్చున్నాయి. అదీ ఆ పెద్ద తెర మీద, వెనక బెంచీకి కూడా కనిపించేంత పెద్ద అక్షరాల్లో.

"నీళ్లు మొక్కలో కాదు, డీన్ గారి బూటులో పడుతున్నాయి."

వెనక బెంచీలో ఒకడు కిసుక్కుమన్నాడు. తర్వాత బెంచీ అంతా. ఉపకులపతి గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఈలోగా "ఫైలు తలకిందులుగా ఉంది" దగ్గరికి పేజీ జరిగింది. హాలు గొల్లుమంది. రిజిస్ట్రారు గారి ముఖం జేవురించింది. "ఆపండి, ఆపేసి మళ్లీ పెట్టండి" అన్నారాయన. రీస్టార్ట్ గారు తన జన్మలో మొట్టమొదటిసారి ఆ సలహా ఇంకొకరి నోట విని, కంగారులో తప్పు మీట నొక్కాడు. పేజీ ఇంకా కిందికి జారింది.

అక్కడ లాయరమ్మ ఫోటో గడి ఉంది. స్నేహితురాలు ఆమె కోసం పైకి చదివింది. "అందరి చూపులూ ఆమె మీదే. సభంతా లేచి నిలబడి..." చదివి, గొంతు తగ్గించి, "అదేంటే, ఆ ఫోటో నేను చూశాను. అలా లేదే" అంది.

"మరి ఎలా ఉంది?"

ఆ అమ్మాయి నసిగింది. లాయరమ్మ వదిలే మనిషి కాదు. చెవిలో చెప్పించుకుంది. హాలంతా నవ్వుతుంటే ఆమె ఒక్కతే నవ్వడం మానేసింది. ఆ ముఖాన్ని తలుపు దగ్గర నుంచి వసపిట్ట చూసింది. ఎవరి ముఖాన్నైనా మాటల్లో పెట్టగల మనిషి, ఆ ముఖం మీంచి చూపు తిప్పేసుకుంది.

సభ కాగానే రిజిస్ట్రారు గారు ఆమెను పిలిపించారు. సోమవారం నుంచి ఆమె స్టోర్సులో పాత కుర్చీల లెక్క చూసుకోవాలి. ఆమె రాసినవన్నీ తీసేసి, 'దృశ్యం' అని ముగిసే మర్యాదైన వాక్యాలు పెట్టాలి. తెల్లజుట్టు మేడమ్ మాత్రం, "తీసేముందు వినేవాళ్లను అడగండి. ఆ అమ్మాయి ఏమంటే అదే చేద్దాం. శనివారం ఉదయం నేను కూడా వస్తాను" అన్నది. ఆ మాటతో అంతా లాయరమ్మ చేతిలోకి వెళ్లింది. వసపిట్ట ఫోను చేస్తే లాయరమ్మ ఎత్తలేదు.

ఆ సాయంత్రం టీవీలో మాటలు ఆగి సంగీతం మొదలైంది.

"ఏమైందే?" అని వంటింట్లోంచి కేక.

"ఏమో అత్తయ్యా."

అత్తగారు గరిటె పక్కన పెట్టింది. ఆ ఇంట్లో కోడలు వచ్చాక అంత నిశ్శబ్దం వినలేదావిడ. పొయ్యి ఆపి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి కోడలి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. భర్త కూడా వాచీ దించి తలెత్తాడు. అప్పుడు వసపిట్ట జరిగిందంతా చెప్పింది. స్టోర్సు సంగతి గబగబా చెప్పేసింది, లాయరమ్మ ముఖం దగ్గర ఆగిపోయింది.

"పాపం, ఆ పిల్ల సంతోషపడుతుందని రాశాను అత్తయ్యా."

అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుంది. "మొన్న మధ్యాహ్నం ఆ పెట్టె పట్టుకొచ్చిన తమ్ముడి కథ మళ్లీ వేశారు. ఖాళీగా ఉండి చూశాను. వాడు ఏడ్చి వదిన కాళ్ల మీద పడ్డాడని చెప్పావు నువ్వు. వాడు ఏడవలేదు. పెట్టె కింద పెట్టి మంచినీళ్లడిగాడు."

వసపిట్ట నాలుక కరుచుకుంది. "మీకు బాగుంటుందని..."

"బాగానే ఉంది. నువ్వు చెప్పిందే బాగుంది. కానీ ఆ రోజు నుంచీ నువ్వు ఏం చెప్పినా, ఇది జరిగిందా, ఇది కల్పించిందా అనుకుంటూ కూర మాడ్చుకుంటున్నాను." ఆవిడ గొంతులో కోపం లేదు. "నాకైతే లేచొచ్చి చూసుకునే వీలుందే. ఆ పిల్ల ఎక్కడికెళ్లి చూసుకుంటుంది?"

వసపిట్టకు ఏడుపొచ్చింది. అత్తగారు ఆమె భుజం తట్టి, పొయ్యి వెలిగించడానికి వెళ్లిపోయింది. భర్త చాలాసేపు ఆలోచించి, "వెళ్లి చెప్పు" అన్నాడు. ఆయన లెక్కలో అది ఉపన్యాసమే.

శనివారం ఉదయం రిజిస్ట్రారు గారి గదిలో బల్ల చుట్టూ కూర్చున్నారు. ఉపకులపతి ఒక పక్క, తెల్లజుట్టు మేడమ్ ఒక పక్క, కంప్యూటరు ముందు రీస్టార్ట్ గారు. వసపిట్టకు చివర ఒక కుర్చీ ఇచ్చారు. లాయరమ్మ కర్ర మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"ఆవిడ రాసినవాటిలో అబద్ధం ఉంది" అంది మొదటి మాటగా.

రిజిస్ట్రారు గారు హాయిగా వెనక్కి వాలారు. "నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను."

"మీ ఫోటో గురించి కాదు సార్. మీ ఫైలు తలకిందులుగా ఉందో లేదో నేను చూడలేను. మీరే చూసి చెప్పాలి."

ఉపకులపతి గారు, "ఆ ఫోటో ఒకసారి పెట్టండి" అన్నారు. రీస్టార్ట్ గారు పెట్టాడు. అందరూ మెడలు వంచి చూశారు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు కానీ, ఉలుకుతో ఫైలు తిరగబడదు కదా. అది తలకిందులుగానే ఉంది. ముందు ఉపకులపతి గారే నవ్వారు. డీన్ గారి బూటు తడిసిన ఫోటో కూడా పెట్టించుకుని చూసి, మళ్లీ నవ్వి, డీన్‌కు ఫోన్ చేసి క్షమాపణ అడుగుతానన్నారు. పెద్దాయన నవ్వాక రిజిస్ట్రారు గారు నవ్వక ఏం చేస్తారు.

"అబద్ధం నా ఫోటో కింద ఉంది" అంది లాయరమ్మ. నవ్వులు ఆగిపోయాయి. ఆమె వసపిట్ట గొంతు ఉండే వైపు తిరిగింది. "వీసీ గారికి భయపడలేదు. రిజిస్ట్రారు గారికి భయపడలేదు. నా దగ్గర ఎందుకు భయపడ్డారు అక్కా?"

"భయం కాదు తల్లీ. నీ మీద జాలితో..." అని, అన్న మాట తన చెవికే తగిలి ఆగిపోయింది వసపిట్ట.

"అదే. జాలి మాకు వీధిలో ఎక్కడైనా దొరుకుతుంది. ఎదురుగా ఏముందో ఉన్నదున్నట్టు చెప్పేవాళ్లే దొరకరు. మీరు దొరికారనుకున్నాను."

వసపిట్ట లేచి, రీస్టార్ట్ గారిని పక్కకు జరగమని, కంప్యూటరు ముందు కూర్చుంది. "తప్పు చేశాను. మళ్లీ రాస్తాను. నువ్వు విను" అంది. ఆ ఫోటో తెరిచి, టైపు చేస్తూ, అలవాటు చొప్పున ప్రతి మాటా పైకి చదివింది.

"ముఖ్య అతిథి ఫోను చూసుకుంటున్నారు. వెనక వరుసలో ఒక మేష్టారు నిద్రపోతున్నారు. ఇద్దరు కబుర్లు చెప్పుకుంటున్నారు. విద్యార్థిని వేదిక మూలన ఉంది. ఆమెను ఎవరూ చూడటం లేదు. ఆమె కెమెరా వైపు లేదు, స్తంభం వైపు ఉంది. కప్పు ఎడమ చంకలో ఇరికించింది. కుడి చెయ్యి గాల్లో ఉంది, వేలు చూపిస్తోంది. నోరు తెరిచి ఉంది. కప్పు ఇచ్చేశాక కూడా ఇంకా వాదిస్తోంది."

లాయరమ్మ పెదవి అదిరింది, ఏడుస్తుందేమో అనుకుంది వసపిట్ట. ఏడవలేదు, పగలబడి నవ్వింది.

"తీర్పు చెప్పిన తీరులో తప్పుందని చెబుతున్నాను అప్పుడు. గెలిచినా తప్పు తప్పే కదా. ఆయన వింటున్నాడనుకున్నాను, ఫోను చూసుకుంటున్నాడా?" నవ్వు ఆపుకుని, కళ్లు తుడుచుకుంది. "అంతకుముందు మీరు రాసిన ఫోటోలో అమ్మాయి ఎవరో నాకు తెలియలేదక్కా. చిరునవ్వుతో ఊరికే నిలబడిందట. ఇది మాత్రం నేనే."

తెల్లజుట్టు మేడమ్ తన కాగితాలు సర్దుకుంటూ, "పాత కుర్చీల లెక్క ఇంకెవరైనా చూసుకుంటారు" అన్నది. ఉపకులపతి గారు సరేనన్నారు. రిజిస్ట్రారు గారు మాత్రం ఇకమీదట ఫోటో తీసేముందు తనకు చెప్పాలని షరతు పెట్టారు. ఫైలు సరిచూసుకోవాలి కదా.

ఆ సాయంత్రం సంగీతం మొదలవగానే వంటింట్లోంచి కేక వచ్చింది. "ఏమైందే? మొహం ఎలా పెట్టాడు?"

"ఎలాగూ పెట్టలేదత్తయ్యా. కుర్చీలో కూర్చుని కాలు గోక్కుంటున్నాడు."

"అంతేనా?"

"అంతే."

"చచ్చు సీరియలు" అంది అత్తగారు. ఆ పూట కూర మాడలేదు.

శనివారం ఆ గదిలో తీసిన ఫోటో కూడా మరుసటి వారం వెబ్‌సైటులోకి వచ్చింది. హాస్టల్లో లాయరమ్మ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నది. "బల్ల చుట్టూ పెద్దలు. రిజిస్ట్రారు గారి ముందు ఫైలు ఉంది, ఈసారి తిన్నగానే ఉంది. లా విద్యార్థిని నవ్వుతోంది, కళ్లు తడిగా ఉన్నాయి. కంప్యూటరు ముందు టైపిస్టు. ఆమె నోరు మూసుకుని ఉంది. ఈ వెబ్‌సైటు మొత్తంలో ఆమె నోరు మూసుకుని కనిపించేది ఈ ఒక్క ఫోటోలోనే."

లాయరమ్మ గట్టిగా నవ్వింది. పక్క మంచం మీది స్నేహితురాలు, "ఏంటే, ఫోటో నేనోసారి చూసి చెప్పనా?" అని అడిగింది.

"అక్కర్లేదు" అని, తర్వాతి ఫోటో వినడానికి వేలు జరిపింది.